వానకోటును ఉతుకు విధము, కాపాడు విధము



మృగశిర కార్తె ప్రవేశించినది మొదలు మన తొగుట ప్రాంతమున ఇంటింట గొడుగులును, వానకోట్లును, పాత గొంగళ్ళును అటకలమీదినుండి దిగును. వానలు వెనుకపట్టిన పిదప అవి మరల అటకల నెక్కును. ఈ నడుమ వానివలన మనము పొందు మేలు గొప్పది. వానికి మనము చేయు సేవ మాత్రము మిక్కిలి స్వల్పము. బురదతోనే చుట్టి మూలను పడవేయుదుము. లేదా తక్కిన బట్టలతో కలిపి సబ్బుపొడిలో నానవేసి బండమీద బాదుదుము. రెండేండ్లు గడువకమున్నే “ఈ కోటు తడియుచున్నది” అని నిందించి పారవేయుదుము.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఒకటే మాట. వానకోట్లలో అనేకములు పాతబడుటచేత గాక, మురికిచేతను, తప్పుగా ఉతుకుటచేతను పనికిరానివగుచున్నవి. అట్టివానిని కొంత శ్రద్ధతో మరల బాగుచేయవచ్చును. ఈ సంగతిని మేము ఒక తప్పు చేసి నేర్చుకొంటిమి. కావున ఆ తప్పును ముందుగా మీ యెదుట చెప్పుట న్యాయము.

మేము చేసిన తప్పు

గడచిన శ్రావణమాసమున తొమ్మిదవ తరగతి బాలురను వెంటబెట్టుకొని, మల్లన్నసాగరము కట్ట కనబడు మిట్టవఱకు కాలినడకను పోవ నిశ్చయించితిమి. 2022వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన ప్రారంభింపబడిన ఆ జలాశయము 50 టీ.ఎం.సీ.ల నీరు పట్టునంత పెద్దది. దానిని దూరమునుండి చూపి భూగోళపాఠము చెప్పవలెనని మా తలంపు.

బయలుదేరుటకు రెండు దినముల ముందు వసతిగృహములోని బాలుర బట్టలన్నియు ఉతికించితిమి. వారిలో ఒక బాలునికి, కొండలెక్కువారు తొడుగుకొను వంటి మంచి వానకోటు కలదు. హైదరాబాదులో పనిచేయుచున్న అతని అన్న తన జీతములో మిగిల్చి కొని పంపినాడు. బట్టలు నానవేయునప్పుడు ఆ బాలుడు మాయొద్దకు వచ్చి, “సార్, దీనిని వేడినీళ్ళలో వేయకూడదని లోపలి పట్టీమీద వ్రాసి ఉన్నది” అనెను. మేము ఆ పట్టీని చూడనైనను చూడక, “గుడ్డ గుడ్డయే, అన్నిటితోపాటు వేయుము” అంటిమి. ఉడుకునీరు పోసి, సబ్బుపొడి చారెడు వేసి, చివరను బట్టలు మెత్తబడి మంచి వాసన వచ్చుటకై ఫ్యాబ్రిక్ కండిషనరును కూడ పోయించితిమి. కోటు తళతళలాడెను. మేమును సంతోషించితిమి.

నడకదినమున సగము దారిలో వాన పట్టుకొనెను. పది నిమిషములలో ఆ కోటు నల్లగా నాని, బాలుని వీపునకు అంటుకొనెను. తోటివారు నవ్విరి. “ఎంత వానవచ్చినను చుక్క దిగదని గొప్పలు చెప్పితివే!” అని మేమును ఒక మాట అంటిమి. బాలుడు తల వంచుకొని, కోటును విప్పి చేనిగట్టుమీద వేసి నడువసాగెను. అప్పుడు వేపచెట్టు క్రింద గొంగడిని కొప్పెగా కప్పుకొని గొఱ్ఱెలను కాయుచున్న ఒక వృద్ధుడు వానిని దగ్గరకు పిలిచి, తన గొంగడిలో సగము కప్పెను. కోటును చేతితో తడవి చూచి మమ్మడిగెను:

“సారూ, దీన్ని ఎట్ల ఉతికిండ్రు?”

చెప్పితిమి. వృద్ధుడు నవ్వి, “మా గొంగడిని గూడ ఉడుకునీళ్ళల్ల ఏసి సబ్బువెట్టి ఉతికితె వాన ఆగది సారూ. ఉన్నిల ఉన్న జిడ్డంత పోతది. పిలగాన్ని ఏమనకుండ్రి, వాడు అబద్ధమాడలే” అనెను.

ఆ మాట మాకు సూటిగా తగిలెను. పట్టీ చదివి చెప్పిన బాలుని మాట వినక, అతనిని అందఱి యెదుట అబద్ధీకుని జేసితిమి. మరునాడు తరగతిలో ఆ బాలునికి మా తప్పు చెప్పుకొంటిమి. పిదప ఆ కోటును పాఠశాలలోని విజ్ఞానశాస్త్రపు గదికి తెచ్చి, దాని సంగతిని విద్యార్థులతో కలిసి పరీక్షించితిమి. అందు తెలిసికొన్నది ఇక వివరించెదము.

నీటిని ఆపుట వేఱు, నీటిని జార్చుట వేఱు

మంచి వానకోటు రెండు పనులు చేయును. లోపలి పొర నీటిని ఆపును. పైబట్ట నీటిని నిలువనీయక జార్చును. ఈ రెండును వేఱువేఱు పనులని తెలియకపోవుటయే సకల పొరబాట్లకును మూలము.

తామరాకుమీదను, చామాకుమీదను నీటిబొట్టు ముత్యమువలె నిలిచి దొర్లిపోవుట మీరు చూచియే యుందురు. ఆ యాకులపై కంటికి కానరాని మైనపు బుడిపెలున్నవి. వానికి నీటితో పొత్తులేదు కావున నీరు పరచుకొనలేక గుండ్రనగును. దొర్లునప్పుడు దుమ్మును కూడ తనవెంట తీసికొనిపోవును. జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ బార్త్‌లాట్ ఈ గుణమును పరిశోధించి, తన సహచరునితో కలిసి 1997లో విపులముగా ప్రకటించెను. వానకోటు పైబట్టకు నేతశాలలో పూయు మందు అట్టి పనియే చేయును.

లోపలి పొర కథ ఇంకొకటి. 1823లో స్కాట్లండు దేశస్థుడు చార్లెస్ మాకింటాష్, రబ్బరును నాఫ్తాలో కరగించి రెండు గుడ్డలనడుమ పూసి వాన దూరని బట్టను చేసి, దానిపై హక్కును పొందెను. ఆ కోటు చలికి బిగిసికొనిపోయెడిది. ఎండకు జిగురుగా మారెడిది. 1839లో అమెరికావాడైన చార్లెస్ గుడ్‌ఇయర్, రబ్బరును గంధకముతో కలిపి వేడిచేసినచో ఆ దోషము తొలగునని కనుగొనెను. మన దేశమున సురేంద్ర మోహన్ బోస్ 1920లో కలకత్తాలో వానకోట్ల పరిశ్రమను స్థాపించెను. “డక్‌బ్యాక్” అను పేరుతో వచ్చిన ఆ సరకులను మీ తాతలు ఎరిగియుందురు.

రబ్బరుకోటు వానను ఆపును గాని చెమటను కూడ బయటికి పోనీయదు. మన నాటువేయు స్త్రీలు, కూలీలు ఎరువుల సంచిని మడిచి తలకు కొప్పెగా వేసికొందురు గదా! దానిలోను ఇదే కష్టము: పైన వాన, లోన చెమట. 1969లో అమెరికాలో బాబ్ గోర్ అనునతడు టెఫ్లాను అను పదార్థమును వేడిచేసి ఒక్కసారిగా సాగదీయగా, అది సూక్ష్మరంధ్రములుగల పొరగా సాగెను. ఆ రంధ్రములలో నీటిబొట్టు దూరలేదు. చెమట ఆవిరి మాత్రము దూరిపోగలదు. కొండలెక్కువారి కోట్లలో ఇట్టి పొరయో, పాలీయూరిథేన్ అను పదార్థపు పూతయో ఉండును.

ఇప్పుడు మా బాలుని కోటు ఏల తడిసినదో చూడుడు. సబ్బుకణమునకు రెండు కొనలున్నవి. ఒక కొన జిడ్డును పట్టుకొనును; రెండవది నీటిని పట్టుకొనును. అందుచేతనే సబ్బు మురికిని వదలించును. కాని సరిగా జాడింపనిచో ఆ కణములు బట్టలోనే మిగిలి, వాననీటిని “రమ్ము” అని పిలుచును. ఫ్యాబ్రిక్ కండిషనరు మఱింత చెఱుపు. అది బట్టపై ఒక పొరను కట్టి, జార్చు మందును కప్పివేయును. అప్పుడు పైబట్ట నీటిని పీల్చి బరువెక్కును. లోపలిపొర నీటిని ఆపుచునేయున్నను, తడిసిన పైబట్ట మూసిన తలుపువలె చెమట ఆవిరిని బయటికి పోనీయదు. ఆ యావిరి లోపలనే చల్లబడి నీరగును. తొడిగినవాడు “వాన దిగినది” అనుకొనును. నిజమునకు అది చాలవఱకు తన చెమటయే.

కోటును పరీక్షించుట

కోటు కారుచున్నదో, పైమందు మాత్రమే పోయినదో తెలిసికొనుటకు రెండు సులభమైన పరీక్షలున్నవి.

మొదటిది: ఆరిన కోటును బల్లపై పఱచి చెంబుతో కొంచెము నీరు చిలుకరింపుడు. బొట్లు గుండ్రముగా నిలిచి దొర్లినచో పైమందు బాగున్నది. బొట్లు అణగి అంటుకొనియున్నచో మురికి చేరినది, ఉతుకవలెను. నీరు ఇంకి నల్లని మచ్చ యేర్పడినచో ఉతుకుటయు, వెచ్చచేయుటయు, అవసరమైన మందు వేయుటయు కావలెను.

రెండవది: కోటును తిరగవేసి, అనుమానమున్న చోటును సంచివలె పట్టుకొని గ్లాసెడు నీరు పోసి, క్రింద పొడి వార్తాపత్రిక నుంచి పది నిమిషములు చూడుడు. పత్రికపై చుక్క పడనిచో లోపలిపొర క్షేమము. పడినచో పొర చిరిగినది, లేదా కుట్లపై అంటించిన పట్టీ ఊడినది. దానిని మాత్రము ఎంత ఉతికినను ప్రయోజనము లేదు, అతుకు వేయవలసినదే.

మా బాలుని కోటునుండి పత్రికపై ఒక్క చుక్కయు పడలేదు. తరగతి యంతయు చప్పట్లు కొట్టెను.

ఉతుకు క్రమము

1. ముందుగా లోపలి పట్టీని చదువుడు. దానిపై గుర్తులుండును. నీటితొట్టి గుర్తు ఉతుకుటకు, త్రికోణము బ్లీచింగునకు, చతురస్రము ఆరవేయుటకు, చతురస్రములో వృత్తమున్నచో యంత్రమున ఆరబెట్టుటకు, ఇస్త్రీపెట్టె గుర్తు ఇస్త్రీకి, ఒంటి వృత్తము డ్రై క్లీనింగునకు. ఏ గుర్తుపై అడ్డుగీతలున్నవో ఆ పని చేయరాదు.

2. బురద ఆరనిచ్చి మెత్తని కుంచెతో దులుపుడు. తడి బురదను రుద్దినచో అది నేతలోనికి దిగును. జేబులు ఖాళీచేసి, జిప్పులును, వెల్క్రో పట్టీలును మూయుడు.

3. గోరువెచ్చని నీటిని వాడుడు. అనేకమైన కోట్లకు 30 నుండి 40 డిగ్రీల సెల్సియస్ వేడి చాలును. చేయి పెట్టిన హాయిగా ఉండవలెను గాని చుఱుక్కుమనరాదు. ఇట్టి కోట్లకై అమ్ము ప్రత్యేకమైన సబ్బుద్రవము దొరకినచో మేలు. లేనిచో వాసనలేని సాత్త్వికమైన సబ్బుద్రవమును కొద్దిగా వాడుడు. బ్లీచింగు, ఫ్యాబ్రిక్ కండిషనరు ఎంతమాత్రము వాడరాదు.

4. బండమీద బాదరాదు, గట్టిగా పిండరాదు. మెడపట్టీ, చేతుల అంచులు మొదలగు జిడ్డుచోట్లను చేతితో మెల్లగా రుద్దుడు.

5. నురుగు పూర్తిగా పోవువఱకు రెండుమూడు మాఱులు మంచినీటితో జాడింపుడు. మిగిలిన పనులన్నిటికంటె ఇది ముఖ్యము.

6. హ్యాంగరుకు తగిలించి నీడను, గాలి తగులుచోట ఆరనిండు.

7. ఆరిన పిదప, పట్టీ అనుమతించినచో మాత్రమే, యంత్రమున తక్కువ వేడిలో ఇరువది నిమిషములు వెచ్చచేయుడు. యంత్రము లేనివారు కోటుపై పలుచని నూలుగుడ్డ పఱచి, ఆవిరి లేకుండ, అతి తక్కువ వేడిగల ఇస్త్రీపెట్టెను త్రిప్పవచ్చును. ఇందుకును పట్టీ అనుమతి కావలెను. చెదరిన పైమందు ఆ వెచ్చదనమున మరల సరిగా నిలుచును.

8. ఇంత చేసినను నీరు జారనిచో, అప్పుడు మాత్రము జార్చు మందును కొని, దానిపై వ్రాసిన విధముగా చిమ్మవలెను. మురికికోటుపై మందు చిమ్ముట వ్యర్థము.

మేము బాలుని కోటును ముందుగా ఉత్తనీటిలోనే నాలుగు మాఱులు జాడించితిమి. ఏమియు సబ్బు వేయకున్నను మొదటి రెండు మాఱులు నురుగు వచ్చెను! లోన అంత సబ్బు మిగిలియుండెను. పిదప పై క్రమమున ఉతికి, ఆరనిచ్చి, గుడ్డ అడ్డము వేసి వెచ్చచేసితిమి. నీరు చిలుకరింపగా వీపుమీదను, చేతులమీదను బొట్లు చామాకుపైవలె దొర్లెను. సంచిపట్టీలు ఒరయు భుజములపై మాత్రము మందు అరిగిపోయియుండెను. అచ్చట క్రొత్తమందు చిమ్మవలసివచ్చెను.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పవలెను. ఇంతకుముందు పైమందులలో ఫ్లోరిను చేరిన రసాయనములను విరివిగా వాడెడివారు. అవి నేలలోను నీటిలోను ఎంతకాలమైనను నశింపవు. అందుచే పెక్కు తయారీదారులు వానిని మానుచున్నారు. కొన్ని ప్రభుత్వములు నిషేధించుచున్నవి. క్రొత్త మందులు నీటిని జార్చును గాని నూనెజిడ్డును అంతగా జార్చలేవు. కావున క్రొత్తరకపు కోట్లను ఎక్కువ మాఱులు ఉతుకవలసియుండును. “ఉతికినకొలది పాడగును” అని భయపడి ఉతుకకుండుట కూడ తప్పే.

రబ్బరు, ప్లాస్టిక్ కోట్లు

పై క్రమము అన్ని కోట్లకును వర్తింపదు. రబ్బరు పూతగల కోట్లను, మన సంతలలో అమ్ము ప్లాస్టిక్ కోట్లను నానవేయరాదు. వేడినీరు, ఇస్త్రీ చూపరాదు. చన్నీటిలో ముంచిన గుడ్డతో తుడిచి, నీడను ఆరవేసిన చాలును. రబ్బరునకు నూనె, కిరోసిను, తీవ్రమైన ఎండ శత్రువులు. వానకాలము ముగిసిన పిదప పూర్తిగా ఆరిన రబ్బరుకోటుపై కొంచెము టాల్కం పొడి చల్లి దాచినచో మడతలు అంటుకొనవు.

పాలీయూరిథేన్ పూతగల కోట్లకు తేమయే ప్రబల శత్రువు. తడిగా మడిచి సంచిలో కుక్కినచో పూత క్రమముగా విడిపోయి, జిగురై, దుర్వాసన పుట్టును. ఆ స్థితికి వచ్చినదానిని మరల బాగుచేయు ఉపాయము లేదు.

గొంగడి చెప్పు పాఠము

మన ప్రాంతపు గొంగడి ఈ కోట్లన్నిటికంటె పెద్దది. దక్కని జాతి గొఱ్ఱెల ముతక ఉన్నిని కత్తిరించి, స్త్రీలు వడకగా, పడుగునకు చింతగింజల గంజి పట్టించి కురుమలు దానిని నేయుదురు. ఉన్నిపోగు పైభాగము నీటిని జార్చును. లోభాగము తన బరువులో ఇంచుమించు మూడవవంతు తేమను పీల్చియు ఒడలికి తడి తెలియనీయదు. ఉన్నిలో సహజముగానున్న జిడ్డు వాననీటికి అడ్డుపడును. ఉడుకునీరును సబ్బును ఆ జిడ్డును కరగించును. నలిపి రుద్దినచో పోగులమీది పొలుసులు ఒకదానినొకటి పట్టుకొని గొంగడి కుంచించుకొనిపోవును. కావున గొంగడిని ఎండబెట్టి కట్టెతో దులుపుట, అవసరమైనప్పుడు చన్నీటిలో ముంచి తీసి పఱచి ఆరబెట్టుట, వేపాకు వేసి దాచుట అను పెద్దల పద్ధతియే సరియైనది. దక్కని గొఱ్ఱెలను ఉన్నిలేని నెల్లూరు జాతితో కలుపుటచే మంచి ఉన్ని తగ్గిపోయినది. గొంగళ్ళు నేయువారును తగ్గిరి. ఇంట నున్న గొంగడిని పురుగులపాలు చేసినచో అట్టిది మరల దొరకుట కష్టము.

చూడుడు! సాగదీసిన టెఫ్లాను పొరయు, కురుమల గొంగడియు ఎంత దూరపు వస్తువులు! అయినను రెంటికిని సూత్రమొకటే. నీటిని జార్చు గుణము పైననుండును; దానిని ఎఱుగక కడిగినవాడే దానిని పోగొట్టును.

తల్లిదండ్రులకు మనవి

మీ బిడ్డలు తడిసి ఇంటికి వచ్చినప్పుడు కోటును వెంటనే విప్పించి, తిరగవేసి, గాలికి తగిలింపుడు. వర్షకాలమున నెలకొక మాఱైనను నీటిబొట్టు పరీక్ష చేయుడు. పారవేయుటకు ముందు ఒక మాఱు సరిగా ఉతికి చూడుడు. ఒక కోటు ధర మనలో అనేకులకు కొన్నిదినముల కూలి. దానిని రెండేండ్లకు బదులు ఐదేండ్లు వాడగలిగినచో ఆ కూలి మీకు మిగిలినట్లే.

విద్యార్థులకు అభ్యాసము

(1) మీ యింటిలోని వానకోట్లను, గొడుగులను, గొంగళ్ళను నీటిబొట్టుతో పరీక్షించి, ఏది జార్చుచున్నదో, ఏది పీల్చుచున్నదో వ్రాసికొనిరండు. (2) రెండు చిన్న గుడ్డముక్కలకు మైనము రుద్ది, ఒకదానిని చన్నీటను, రెండవదానిని సబ్బుతో ఉడుకునీటను ఉతికి, భేదమును గమనింపుడు. ఉడుకునీటిపని పెద్దలు దగ్గరనుండగా చేయుడు. (3) మీ యింటి బట్టల పట్టీలమీది గుర్తులను చిత్రించి, వాని అర్థములను వ్రాయుడు.

ఆ బాలుడు ఇప్పటికిని ఆ కోటునే తొడుగుచున్నాడు. ఇక మేమో, వసతిగృహమున బట్టలు నానవేయుటకు ముందు పట్టీలు చదువు పనిని విద్యార్థులకే అప్పగించితిమి. వారు చదివి చెప్పినది విని, ఆ పిదపనే నీరు పోయించుచున్నాము.